ఎన్ని వాయల దూరం?

"ఏందమ్మా, ఎవురన్నా తరుముకుంటా వస్తుండారా?"

ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే రోడ్డు మీద మొదటి రోజు నాకెదురైన ప్రశ్న ఇది. టీ బంకు ముందున్న ఆ పెద్దాయన నిజంగానే కంగారుపడ్డాడు. ఆడమనిషి పరిగెత్తుతోందంటే వెనక కుక్కో మగాడో ఉండి తీరాలి కదా! నా వెనక ఉన్నది టీవీఎస్ బండి మీద కాపలాకొచ్చిన మా మామయ్య.

రెండు కిలోమీటర్లతో మొదలుపెట్టి ఐదుకు, ఐదు నుంచి పదికి వచ్చాను. ఇరవై ఒకటి పూర్తి చెయ్యాలని కోరిక. "నీది అదృష్టం, మీవాళ్ళు పంపిస్తున్నారు" అంటారు స్నేహితులు. ఆ 'పంపించడం' అనే మాట దగ్గరే నాకు కాలికి ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది.

ఆడవాళ్ళు అంత దూరం పరిగెత్తలేరని బోస్టన్ మారథాన్ నిర్వాహకులు 1966లో బాబీ గిబ్ దరఖాస్తును తిప్పికొట్టారు. ఆమె పొదల్లో దాక్కుని, పరుగు మొదలయ్యాక మగవాళ్ళలో కలిసిపోయి చివరిదాకా పరిగెత్తింది. తండ్రికి ఇదంతా పిచ్చి అనిపించింది. కారులో తీసుకెళ్ళి దింపింది తల్లి. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ మారథాన్ కోసం ఆ తర్వాత 1984 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ కథ నేను చాలామందికి చెప్పాను, ఎప్పుడూ కూతురి సాహసంగానే. దింపి వెళ్ళిన తల్లి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆలోచింపజేసింది మా అత్తమ్మ. నేను గేటు దాటగానే ఆమె ఇడ్లీ మొదటి వాయ పెడుతుంది. కిలోమీటర్లు ఆమెకి పట్టవు. "ఈరోజు మూడు వాయలు పరిగెత్తినావే" అంటుంది. ఐదు కిలోమీటర్లంటే మూడు వాయలు. పదికి ఇడ్లీలయిపోయి, చట్నీ, పాప స్నానం, జడ, బడి డబ్బా కూడా అయిపోతాయి. నేను పెంచుకున్న ప్రతి కిలోమీటరూ ఆమె పొద్దులోంచి కోసుకున్నదే. ఒకరోజు వచ్చేసరికి మెట్టు మీద మోకాలు పట్టుకుని కూర్చునుంది.

మానేస్తానన్నాను. మనకి చప్పున తోచే పరిష్కారం అదే కదా! ఆమెకి కోపం వచ్చింది.

"నువ్వు మానేస్తే నా మోకాళ్ళు నెమ్మదిస్తాయా? నేనూ పరిగెత్తినా మే. నీ మొగుణ్ణి పక్కింట్లో వదిలిపెట్టి, సారా జీపు ఎనకాల."

1992 సంగతి. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం నెల్లూరు జిల్లా ఊళ్ళన్నిటికీ పాకిన రోజులు. మర్నాటి ఏడాది అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధించారు. ఆ ఉద్యమం మీద సెమినార్లలో మాట్లాడిన దాన్నే, ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి ఈ ముక్క ఆమెనెప్పుడూ అడగలేదు. ఎవరూ తరమకపోయినా, తానే తరుముతూ పరిగెత్తిన మనిషి పొయ్యి దగ్గర నా దూరం లెక్కపెడుతోంది.

ఆ రాత్రి నా సహచరుడితో గొడవపడ్డాను. బూట్లు కొన్నది తనే. ఆఫీసులో నా గురించి గర్వంగా చెప్పుకునేదీ తనే. బూట్లు కొనడానికి ఒక్క సాయంత్రం చాలు. నాలుగున్నరకి లేవడం రోజూ ఉంటుంది. ముందు నవ్వాడు, తర్వాత అలిగాడు, ఆదివారాలు మాత్రం తన వంతన్నాడు. మిగతా ఆరు రోజుల సంగతి ఇంకా తేలలేదు. "మగబిడ్డ పొయ్యి కాడ నిలబడితే ఊళ్ళో ఏమనుకుంటారు" అని అత్తమ్మే అడ్డుపడింది. మొదటి వాయ రాళ్ళలా వచ్చింది. పాప మాత్రం ఇష్టంగా తినింది.

ఆదివారం చెయ్యడానికి పనిలేక ఆమె నాతోపాటు మొదటి కిలోమీటరు రాయి దాకా నడిచి, అక్కడ కూర్చునేది. పోయిన వారం నేను మైపాడు వైపు నుంచి తిరిగొస్తుంటే రాయి ఇంకా చాలా దూరం ఉండగానే ఎదురొచ్చింది, కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుని.

"ఇంట్లో ఎన్నో వాయ అయ్యుంటాది?" అని అడిగింది.

తెలీదన్నాను.