పండు కోసే వెండికత్తి

కత్తి అంటే ఉక్కుతో ఉండాలి. మెత్తటి వెండితో కత్తి చేయించుకోవడం ఏమిటి... డబ్బున్నవాళ్ల దర్జా కాకపోతే! ఇంగ్లండ్‌లో పాతవస్తువుల దుకాణంలో మఖ్మల్ పరిచిన చెక్కపెట్టె మూత తీస్తే ఎవరికైనా ముందు వచ్చే ఆలోచన ఇదే. లోపల ముత్యపుచిప్ప పిడులతో 12 చిన్న కత్తులు, 12 ఫోర్కులు. అన్నీ భోజనం చివర్లో పండ్లు తినడానికే!

దర్జా మాట నిజమే. కానీ అసలు కారణం పులుపు. చింతపండు పులుసుని ఇనప మూకుడులో కాస్తే ఏమవుతుందో మన అమ్మమ్మలకు బాగా తెలుసు. అప్పటి ఉక్కు కత్తితో ఆపిల్ కోసినా అంతే. ముక్క నల్లబడేది, ఇనప రుచి తగిలేది. కత్తి మీద మరకలు పోవాలంటే ఇటుకపొడితో తోమాల్సిందే. పండ్ల పులుపు వెండినేమీ చేయదు. పైగా పండు కోయడానికి గొప్ప పదునేం అక్కర్లేదు. అందుకే 18, 19 శతాబ్దాల్లో మాంసానికి ఉక్కుకత్తి, పండుకి వెండికత్తి అన్నది సంపన్నుల ఇళ్లలో పద్ధతైపోయింది. అంతకుముందు పాకంలో నానిన పండ్లు తినడానికి 'సకెట్ ఫోర్క్' ఉండేది. ఒక చివర ముళ్లు, రెండో చివర చెంచా. ముక్కని గుచ్చుకోవచ్చు, పాకాన్నీ వదలక్కర్లేదు!

ఈ కత్తుల మీద కంటికి ఆనీఆనని ముద్రలుంటాయి. అవే వాటి జాతకం. నడుస్తున్న సింహం ఉంటే 92.5 శాతం వెండి. లంగరు ఉంటే బర్మింగ్‌హామ్, కిరీటం ఉంటే షెఫీల్డ్. పక్కనున్న అక్షరం ఏ ఏడాదో చెబుతుంది. రాజుగారి తలో రాణిగారి తలో కనిపిస్తే 1784- 1890 మధ్య పన్ను కట్టిన వస్తువన్నమాట. సముద్రమే లేని బర్మింగ్‌హామ్‌కి లంగరేమిటంటారా? 1773లో ఈ రెండు ఊళ్లకూ ముద్రలు వేసే కార్యాలయాలు వచ్చాయి. అందుకోసం వాళ్లు లండన్‌లో మంతనాలు జరిపిన సత్రం పేరు 'క్రౌన్ అండ్ యాంకర్' అనీ, ఆ పేరునే చెరిసగం పంచుకున్నారనీ ఓ కథ.

1840లో ఎల్కింగ్టన్ సంస్థ విద్యుత్తుతో వెండిపూత వేసే విధానానికి పేటెంట్ పొందింది. ఆ తర్వాత ఈ సోకు మధ్యతరగతికీ అందింది. 1913లో హ్యారీ బ్రియర్లీ తుప్పుపట్టని ఉక్కు తయారుచేశాడు. అదీ ఎక్కడో కాదు... షెఫీల్డ్‌లోనే! ఏ ఊరు వెండికత్తులు చేసిందో ఆ ఊరే వాటి అవసరం తీర్చేసింది.

అవసరం తీరాక మిగిలింది బరువు లెక్కే. 1980 జనవరిలో ఔన్సు వెండి ధర 50 డాలర్ల దాకా ఎగబాకింది. ఆ ఊపులో ఎన్నో పాత వస్తువులు కొలిమిలోకి వెళ్లిపోయాయి. తమాషా ఏంటంటే, వెండి పిడుల్లో చాలావాటికి పైన ఉండేది పల్చటి రేకు, లోపలంతా లక్కలాంటి జిగురు. కరిగిస్తే వచ్చే వెండి కాస్తే.

వాటాలేసుకున్నప్పుడు పెట్టెలోని డజను ఆరూ ఆరుగా విడిపోవచ్చు. ముద్రలున్నంతకాలం అవి ఒకే పెట్టెలోవని పోల్చుకునే ఆశ ఉంటుంది. కరిగిన వెండికి ఏ ఇంటిదో ఎవరు చెప్పగలరు?