మూడుసార్లు ఆగిపోయిన గాడిద



2024 జూలై 19, శుక్రవారం నాడు హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ ఫోటో మీలో చాలామందికి వాట్సాప్‌లో వచ్చే ఉంటుంది. చెన్నైలో, బెంగళూరులో కూడా జనం గంటల తరబడి నిలబడ్డారు. విదేశాల్లో ఆసుపత్రులు, బ్యాంకులు ఇబ్బంది పడ్డాయి. ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. వైరస్ అన్నారు, శత్రు దేశం పని అన్నారు. అంత్యదినాల సూచన అని ప్రసంగించినవాళ్ళూ ఉన్నారు. అసలు కారణం ఒక డ్రైవర్.

డ్రైవర్ అంటే మన పల్లెవెలుగు బస్సు నడిపే అన్న కాదు. మన సువార్త కూటాల్లో ఇంగ్లీషు ప్రసంగాన్ని తెలుగులోకి తర్జుమా చేసే సహోదరుడు ఉంటాడు కదా, అలాంటిది. ప్రింటరుకొక మాట, వైఫైకొక మాట, తెరకొక మాట. వాటికీ కంప్యూటరుకూ మధ్య నిలబడి మాట అందించే చిన్న ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. ప్రసంగీకుడు మంచివాడే, వినేవాళ్ళూ మంచివాళ్ళే, మధ్యలో తర్జుమా తప్పితే కూటమంతా గందరగోళం. పైగా కొన్ని డ్రైవర్లకు కంప్యూటర్ లోపలి గదిదాకా ప్రవేశం ఉంటుంది. ఆ రోజు చెడింది అటువంటిదే, క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ తయారుచేసిన కాపలా ప్రోగ్రాము. మన టైము ప్రకారం ఉదయం 9:39కి దానికొక కొత్త ఫైలు పంపారు. అది 21 వివరాలు అడిగే ఫైలు, అందించింది మాత్రం 20. లేని ఇరవై ఒకటో దానికోసం డ్రైవర్ తనది కాని చోట చెయ్యి పెట్టింది. 10:57కి ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు గానీ, ఆ 78 నిమిషాల్లో దాన్ని అందుకున్నవి అందుకున్నాయి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ నీలి తెర కంప్యూటర్ చచ్చిపోయిందనడానికి గుర్తు కాదు. లోపలి గదిలో ఎవరో పెట్టకూడని చోట చెయ్యి పెట్టారు, ఇలాగే నడిస్తే దాచుకున్నదంతా పాడైపోతుంది అని తెలిసి, విండోస్ తనంతట తానే ఆగిపోతుంది. ఆగడమే దాని కాపుదల.

ఇది విన్నప్పటినుంచి నాకు సంఖ్యాకాండము 22వ అధ్యాయమే గుర్తుకొస్తోంది. బిలాము ఎక్కిన గాడిద మొదట దారి తప్పి పొలంలోకి పోయింది, కొట్టాడు. రెండోసారి ద్రాక్షతోటల సందులో గోడకు ఒరిగి అతని కాలు నలిపింది, మళ్ళీ కొట్టాడు. మూడోసారి కదలకుండా కూలబడింది, కర్ర తీసుకుని కొట్టాడు. ఎదురుగా కత్తి దూసిన దూత గాడిదకు కనబడ్డాడు, దర్శనాలు చూస్తాడని పేరుపడ్డ బిలాముకు కనబడలేదు. అది ఆగకపోయి ఉంటే చచ్చేది అతనే, గాడిద బతికేది. దూతే ఆ మాట చెప్పాడు.

మన మందిరంలో పాటలు తెర మీద వేసే ల్యాప్‌టాప్ కూడా మొన్న ఒకే ఆరాధనలో మూడుసార్లు ఆగింది. ఒక పెద్దాయన పారేయమన్నారు, ఒకరు ఫార్మాట్ కొట్టించమన్నారు, ఒక అమ్మగారు సాతాను పోరాటం అన్నారు. (అన్నీ సాతానుకు అంటగట్టడం నాకు నచ్చదు. వాడికి లేని ఘనత ఇచ్చినట్టవుతుంది.) బెంగళూరులో కంప్యూటర్ల పని చేసే మన సంఘపు తమ్ముడు ఆ వారం ఊళ్ళోనే ఉన్నాడు. దాన్ని సేఫ్ మోడ్‌లో తెరిచాడు. అంటే తప్పనిసరి డ్రైవర్లు మాత్రమే ఉంచి మిగతావన్నీ పక్కనపెట్టి నడపడం, ఉపవాసం లాంటిది. గంటసేపు ఆగకుండా నడిచింది. "మిషన్ బాగుంది అయ్యగారూ, ఎవరు నడుపుతున్నారో చూడల్ల" అన్నాడు. చూస్తే బుధవారంనాడు వైఫై డ్రైవర్ తనంతట తానే మారింది. డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ నొక్కి పాతదాన్ని తెచ్చాడు. పది నిమిషాల పని. ఫార్మాట్ కొట్టి ఉంటే అయిదేళ్ళ బాప్తిస్మాల లెక్క, కానుకల లెక్క పోయేవి. వాటికి ఇంకో కాపీ లేకుండె. ఇప్పుడు రెండు పెన్ డ్రైవుల్లో ఉన్నాయి.

ఇక్కడితో ముగించేవాణ్ణే. కానీ ఆ వారమే ఒక కుటుంబం ప్రార్థనకు వచ్చింది. వాళ్ళు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, ఊరి పేరు రాయను. పిల్లవాడు తిరుపతిలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. మూడు నెలల్లో మూడుసార్లు చెప్పకుండా బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. మూడోసారి వచ్చి మంచం మీద పడుకుని ఇంక లేవలేదు. తండ్రి కొట్టాడు. వీపు మీద వాతలు నేను చూశాను.

"రెండు ఆవులమ్మి ఫీజు కట్టినాము అయ్యగారూ, వీనికి బుద్ధొచ్చేట్టు ప్రార్థన చేయండి" అన్నాడు తండ్రి.

రెండు ఆవులంటే మన చిత్తూరు పల్లెల్లో ఏమిటో మీకు చెప్పనక్కరలేదు. పొద్దున సాయంత్రం పాలు పోస్తేనే ఇల్లు నడిచేది. ఆ తండ్రిని దుర్మార్గుడని నేను అనలేను.

ప్రార్థనకు ముందు ఆ అధ్యాయం చదివాను. మన ఊళ్ళలో గాడిద అంటే తిట్టు. ఆ అధ్యాయంలో చూపున్నది దానికొక్కదానికే. చదవడం అయ్యాక తండ్రిని అడిగాను: "వాడు ఎందుకు ఆగిపోయాడో అడిగినారా?" ఆయన భార్య వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. అడగలేదు.

పిల్లవాడితో విడిగా కూర్చున్నాను. చాలాసేపటికి గానీ నోరు విప్పలేదు. వాడు చెప్పింది ఇక్కడ రాయను. తండ్రికి వాడే చెప్పాడు, నేను పక్కన కూర్చున్నాను, అంతే. ఆ రాత్రి ఇద్దరూ మా ఇంట్లోనే అన్నం తిన్నారు.

సోమవారం తండ్రి ఒక్కడే తిరుపతి వెళ్ళి, ఆ హాస్టలు చూసి, పక్క మంచాల పిల్లలతో మాట్లాడి వచ్చాడు. పిల్లవాడు ఇంకా ఇంట్లోనే ఉన్నాడు. కట్టిన డబ్బు వెనక్కి వస్తుందో రాదో తెలియదు. శనివారం రాత్రి కుటుంబ ప్రార్థనలో వాళ్ళ ఇంటిని జ్ఞాపకం చేసుకోండి.