నడవ దీపానికి ఎవరి అనుమతి?

విజయవాడలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయిని ఉన్నారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు సాంఘిక శాస్త్రం బోధించారు. భర్త పోయాక ఒంటరిగా ఉంటున్న తల్లి రాత్రివేళ చీకట్లో తడబడకూడదని, డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఒక సెలవులో వచ్చి ఇంటికి స్మార్ట్ హబ్ అమర్చి వెళ్లాడు. మనిషి కదిలితే నడవలో దీపం వెలుగుతుంది. అలికిడి లేకపోతే కాసేపటికి ఆరిపోతుంది. గోడమీది స్విచ్‌ను ఎవరూ పొరపాటున ఆపకుండా దానిపై టేపు కూడా అంటించాడు.

ఏడాది గడిచింది. ఒక ఉదయం కొడుకు ఫోన్ చేసి, "రాత్రి మూడుసార్లు లేచావేంటమ్మా? ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. హాయిగా నిద్ర పడుతోందని ఆమె ముందురోజే అతనికి చెప్పి ఉన్నారు. చెప్పాలో వద్దో నిర్ణయించుకునే అవకాశం తనకు లేకుండా పోయినందుకు ఆమె మనసు చివుక్కుమంది. కొడుకు చేసినదాంట్లో ప్రేమ తప్ప మరొకటి లేదు. చిక్కంతా అక్కడే ఉంది. శత్రువు కనిపెడితే ఎదిరించవచ్చు. కన్నకొడుకు కనిపెట్టుకుని ఉంటే ఏమనగలరు?

రెండో పాఠం వానాకాలంలో వచ్చింది. ఒక రాత్రి గాలివానకు ఇంటర్నెట్ తీగ తెగింది. కరెంటు ఉంది, బల్బు ఉంది, కదలికను పసిగట్టే సెన్సర్ ఉంది. దీపం మాత్రం వెలగలేదు. సెన్సర్ చెప్పిన కబురు ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ సర్వర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి ఆజ్ఞ తిరిగి వస్తేనే బల్బు వెలిగే ఏర్పాటు అది. ఆమె గోడ పట్టుకుని నడిచి, గోటితో టేపు గీకి, స్విచ్ ఆపి మళ్లీ వేస్తేగాని వెలుతురు రాలేదు. ఊళ్లో వీధిదీపం వెలిగించడానికి రాజధాని నుంచి ఉత్తర్వు రావాలంటే ఆ ఊరికి పంచాయతీ ఉన్నట్టా, లేనట్టా? 73వ రాజ్యాంగ సవరణను ఏటా పాఠంగా చెప్పిన మనిషికి ఈ పోలిక తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

ఈ అనుభవం ఒక్క ఇంటిది కాదు. అమెరికాలో రివాల్వ్ అనే హబ్‌ను సుమారు 300 డాలర్లకు కొన్నవారు, ఆ కంపెనీ చేతులు మారిన రెండేళ్లలోనే, 2016 మే 15న అది శాశ్వతంగా మూగబోవడం చూశారు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. చివరికి వినియోగదారులే కొందరు కలిసి దాన్ని కొని బతికించుకున్నారు. మన పొరుగున, 2024 జులైలో విద్యార్థి ఉద్యమాన్ని అణచడానికి బంగ్లాదేశ్ ప్రభుత్వం ఇంటర్నెట్‌ను నిలిపివేసినప్పుడు, ప్రీపెయిడ్ కరెంటు మీటర్లు రీచార్జి చేసుకునే దారి లేక జనం అవస్థ పడ్డారు. దీపం మీద అధికారాన్ని దూరానికి అప్పగిస్తే, ఆ దూరాన ఉన్నవాడి వ్యాపారమో రాజకీయమో మన నట్టింట్లోకి వస్తుంది.

ఇంతలో ఆమె ఇంట్లోని హబ్‌కు కాలం చెల్లిందనీ, కొత్తది కొనుక్కోవాలనీ తయారీదారు ప్రకటించాడు. తానే కొని తెస్తానన్నాడు కొడుకు. ఆమె వద్దన్నారు. ఎలక్ట్రికల్ దుకాణం నడుపుతున్న పాత విద్యార్థిని పిలిపించి, ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేది కావాలని అడిగారు. "ఉంది గానీ, కోడింగ్ రాకపోతే కష్టం మేడం," అన్నాడతను. "ఓటు వేయడానికి ఎన్నికల చట్టం కంఠస్థం రావాలట్రా?" అన్నారామె.

అతను చెప్పింది హోమ్ అసిస్టెంట్ గురించి. పౌలస్ షౌట్సన్ 2013లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్, 2024 నుంచి ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్షలేని సంస్థ ఆధీనంలో ఉంది. అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్ మీద, ఇంట్లోనే నడుస్తుంది. ఒకప్పుడు దీనికి చిన్న పని చెప్పాలన్నా యామల్ అనే పద్ధతిలో ఫైలు రాయాల్సి వచ్చేది; అందులో ఒక ఖాళీ అటూ ఇటూ అయినా పని చెడేది. ఇప్పుడు ఏది జరిగినప్పుడు, ఏ షరతు మీద, ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలకు తెరమీద జవాబులు ఎంచుకుంటే చాలు. ఇతరులు తయారుచేసి పంచిన బ్లూప్రింట్లనే నమూనాల్లో మన సెన్సర్‌నూ మన దీపాన్నీ ఎంచుకున్నా సరిపోతుంది. పాత బల్బులూ సెన్సర్లూ జిగ్‌బీ అనే ఉమ్మడి ప్రమాణానికి చెందినవి కాబట్టి కొత్త పెట్టెతో మళ్లీ జతకలిశాయి. సొంత కంపెనీ యాప్ తప్ప మరొకటి ఎరగని కెమెరా ఒకటి అటకెక్కింది.

ఇందులో శ్రమ లేదనడం అబద్ధం. దీనికి నెలనెలా కొత్త కూర్పు వస్తుంది. ఒకసారి ఆమె తొందరపడి అప్‌డేట్ చేస్తే నడవ దీపం అలిగి కూర్చుంది. ముందే తీసుకున్న బ్యాకప్‌తో ఆ సాయంత్రమే పాత స్థితికి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఏ ఏ మార్పుల వల్ల పాత ఏర్పాట్లు చెడతాయో తెలిపే జాబితాను, పింఛను జీవోలు చదివినట్టు పంక్తి పంక్తీ చదువుతారు. కొద్దిరోజులు ఆగుతారు. బ్యాకప్ తీసి ల్యాప్‌టాప్‌లో విడిగా దాస్తారు, ఎందుకంటే మెమరీ కార్డు ఏనాడైనా పాడవచ్చు. ఆ తరువాతే మీట నొక్కుతారు. గోడ స్విచ్ మీద టేపు మళ్లీ అంటించలేదు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మాత్రం, వ్యక్తులు సొంత అవసరాలకో ఇంటి అవసరాలకో వాడుకునే సమాచారాన్ని తన పరిధి నుంచి మినహాయించింది. అంటే తల్లికీ కొడుక్కీ మధ్య ఆ చట్టం రాదు. ఆ నిబంధనలేవో ఆ ఇద్దరే కూర్చుని రాసుకోవాలి.

గత డిసెంబరులో కొడుకు వచ్చినప్పుడు రాసుకున్నారు. హబ్‌కు అడ్మినిస్ట్రేటర్ ఆమె. దూరం నుంచి ఇల్లంతా చూసే వీలు తీసేశారు. ఉదయం ఎనిమిదింటికల్లా వంటింట్లో కదలిక లేకపోతే మాత్రం కొడుకు ఫోన్‌కు ఒక సందేశం వెళుతుంది. ఆ సందేశానికి ఇంటర్నెట్ కావాలి, దీపానికి అక్కరలేదు. అతను కాసేపు మౌనంగా ఉండి, "నువ్వు పడిపోతే నాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు. అందుకే ఆ ఒక్కటీ ఉంచానని ఆమె చెప్పారు. అతని భయం పూర్తిగా తీరలేదు. తీరుతుందని ఆమె కూడా అనలేదు.

ఇప్పుడు ఉదయం ఫోన్ చేసినప్పుడు అతను అడగాల్సి వస్తోంది. "రాత్రి నిద్ర పట్టిందా అమ్మా?" ఒక్కోరోజు పట్టిందంటారు. ఒక్కోరోజు, "లేదురా, మీ నాన్న గుర్తుకొచ్చారు," అంటారు.