మనసును బట్టి పుస్తకం

"మంచి పుస్తకం ఒకటి చెప్పండి సార్" అని పిల్లలు అడిగితే నేను వెంటనే పేరు చెప్పను. "ఇవాళ నీ మనసెట్లుంది?" అని అడుగుతాను. మొదట్లో నవ్వుతారు. ఆశ్రమ పాఠశాలలో లేచే వేళ, తినే వేళ, పడుకునే వేళ అన్నీ గంట కొట్టి చెప్తారు. ఏ పుస్తకం చదవాలో తరగతి చెప్తుంది, ఆ తర్వాత పోటీపరీక్ష చెప్తుంది. నీకు ఏది చదవాలనుంది అని అడిగేవాళ్లు తక్కువ.

మన గూడేల్లో ఇది కొత్త సంగతి కాదు. దండారి పాట దండారి రోజుల్లోనే పాడతాం. పెళ్లింటి పాట పెళ్లింటికే. ప్రధాన్ కిక్రి పట్టుకుని పూర్వీకుల కథ ఎత్తుకునేదీ తగిన సందర్భంలోనే. ఏ వేళకు ఏ పాటో తెలిసిన మనకు, ఏ వేళకు ఏ పుస్తకమో తెలుసుకోవడం కష్టం కాదు.

ఒకసారి ఒక ఆఫీసులో నా దరఖాస్తు చూసి ఒకాయన "మీవాళ్లకు ఇవన్నీ ఎందుకు?" అన్నాడు. ఆ రాత్రి మహాశ్వేతాదేవి నవల తెలుగు అనువాదం 'ఎవరిదీ అడవి?' తీశాను. 1900లో, పాతికేళ్లు నిండకముందే రాంచీ జైల్లో చనిపోయిన బీర్సా ముండా కథ అది. చదివాక కోపం పోలేదు. కానీ అది నా ఒక్కడి కోపం కాదని తెలిసింది. మర్నాడు మళ్లీ ఆ ఆఫీసుకు పోయి, ఏ కాగితం ఎందుకు కావాలో రాసివ్వమని నిదానంగా అడిగాను. సాహు, అల్లం రాజయ్య కలిసి రాసిన కొమురం భీం నవల కూడా నాకు అలాంటి రోజులకే.

అయితే ఇల్లు గుర్తొచ్చి మూలన కూర్చున్న ఆరో తరగతి పిల్లకు నేను జోడేఘాట్ తూటాల కథ ఇవ్వను. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' ఇస్తాను. బుడుగు ఇల్లు వేరు, మాట వేరు. అయినా పెద్దవాళ్ల మీద వాడు చెప్పే తీర్పులు చదివి ఆ పిల్ల ఫక్కున నవ్వుతుంది. గిరిజన పిల్లలకు గిరిజనుల కష్టాల పుస్తకాలే ఇవ్వాలని కొందరు మంచి మనసుతోనే అనుకుంటారు. మనకు నవ్వు కూడా కావాలి.

ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాని రోజు కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' చదువుతాను. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ముసలాయన వెంట నేనూ నడుస్తాను. వాదించాలనిపించిన రోజు హైమన్‌డార్ఫ్ పుస్తకం ముందేసుకుంటాను. 1940లలో మార్లవాయిలో ఉండి, గోండుల గురించి ఆయన రాసిన ఇంగ్లీషు పుస్తకం 1948లో వచ్చింది. అందులో రాసింది నాన్నమ్మకు గోండీలో చెప్తే, కొన్నిచోట్ల తల ఊపేది. కొన్నిచోట్ల "మన ఊళ్లో అట్ల కాదు" అనేది. ఆమె మాటలు అంచుల్లో పెన్సిలుతో రాసుకున్నాను.

పరీక్షకు చదవాల్సింది మనసు బాగున్నా లేకున్నా చదవాల్సిందే. ఆ చదువు మన తిండికి. ఈ చదువు మనకోసం. ఉపాధ్యాయులకు ఒక మాట: పుస్తకాల బీరువా తాళం తీసి ఉంచండి. అట్టలు కనబడేలా పెట్టండి. సగం చదివి తిరిగిచ్చిన పిల్లను నీతి ఏమిటని అడగకండి. ఆ పుస్తకం ఆ రోజుకు సరిపోలేదంతే, ఇంకో రోజుకు సరిపోతుంది.

కోపానికి, దిగులుకు, ఒంటరితనానికి నా అరలో పుస్తకాలున్నాయి. కొత్త పంట ఇంటికొచ్చిన రోజు, చెల్లి పెళ్లి కుదిరిన రోజు చదువుకోవడానికి మన గూడెం సంతోషాన్ని మనమే రాసుకున్న పుస్తకాలు మాత్రం చాలా తక్కువ. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. తెలుగు లిపి ఎలాగూ మన చేతిలో ఉంది. ఆ ఖాళీని నింపాల్సింది ఇప్పుడు చదువుకుంటున్న మీరే.