చత్వారంతో సముద్రంలోకి

కళ్ళజోడుతో సముద్రంలో మునగడం కుదరదు. దాని కాడలు మాస్కు అంచును చర్మానికి అతుక్కోనివ్వవు. ఆ సందులోంచి నీరు చొరబడుతుంది. మెత్తని కాంటాక్టు లెన్సులు పెట్టుకోవచ్చు గాని, నీటిలోని అకాంతమీబా వాటికింద చేరితే చూపుకే ముప్పు. అందుకే నేను పవరున్న అద్దాల మాస్కువైపు మొగ్గాను.

నలభై దాటిన హ్రస్వదృష్టివాళ్ళకి అక్కడా ఒక మెలిక ఉన్నది. దూరపు పవరు వేయిస్తే చేపలు చక్కగా కనిపిస్తాయి, చేతిలోని గేజి మసకబారుతుంది. నీరు వస్తువులను మూడోవంతు పెద్దవిగా చూపిస్తుంది, నిజమే; కాని పావువంతు దగ్గరకు జరిపి మరీ చూపిస్తుంది గనుక చత్వారానికి కలిసిరాదు.

అద్దం అడుగుభాగాన, లోపలివైపు, దగ్గరచూపు పవరు బిళ్ళ అతికించుకోవడం నాకు నచ్చిన ఉపాయం. చేప మసకగా కనిపించినా ఊరుకుంటాను. సిలిండరులో గాలి 50 బార్లకు దిగిందో లేదో మాత్రం నా కళ్ళతో నేనే చదువుకోవాలి.