ఆ రోజు నేను అనాల్సిన మాట

కోల్‌కతాలో నేను పాఠాలు చెప్పిన బళ్లో ఆడ టీచర్లు చీరే కట్టుకోవాలన్నది ఎక్కడా రాయని నియమం. కొత్తగా చేరిన ఒకమ్మాయి చుడీదార్‌లో వచ్చింది. బారాసత్ నుంచి కిక్కిరిసిన లోకల్ రైల్లో సియాల్దా చేరి, అక్కణ్నుంచి బస్సెక్కాలి. "దీదీ, ఆ తోపులాటలో చీరతో ఎక్కలేకపోతున్నా, మీటింగులో నా తరఫున ఒక్క మాట చెప్పండి" అని అడిగింది. నేను చెప్పలేదు సరికదా, చీరే మన సంప్రదాయమని అందరి ముందూ వాదించాను. ఆ తర్వాత ఆమె చీర సంచిలో తెచ్చుకుని బళ్లో మార్చుకునేది.

నేను సంప్రదాయమన్న కట్టు ఒకప్పటి కొత్త వేషమేనని, ఠాగూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి గురించి చదివాక తెలిసింది. ఆ కాలంలో బెంగాలీ స్త్రీలు ఇంట్లో రవిక, లోపావడా లేకుండా ఒంటిచీర చుట్టుకునేవారు. దాంతో గడప దాటడం కష్టం. ఆమె భర్త సత్యేంద్రనాథ్ ఐసీఎస్ నెగ్గిన తొలి భారతీయుడు. 1864లో ఆయనతో బొంబాయి వెళ్లిన ఆమె పార్సీ స్త్రీల కట్టు చూసి, కుచ్చిళ్లు పోసి, పైట ఎడమ భుజం మీదికి మార్చి, రవిక, పావడాలతో తన కట్టు దిద్దుకుంది. 1866లో వైస్రాయి విందుకు వెళ్తే, తమ వంశపు కోడలు నలుగురిలోకి రావడం భరించలేక ప్రసన్నకుమార్ ఠాగూర్ లేచి వెళ్లిపోయారు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఆ కట్టు నేర్పుతానని 'బామాబోధినీ పత్రిక'లో ప్రకటన ఇచ్చింది. మొదట బ్రహ్మసమాజపు స్త్రీలు నేర్చుకున్నారు. చదువులకు, సభలకు బయటికొచ్చే ఆడవాళ్లు పెరిగేకొద్దీ మిగతా ఇళ్లకూ చేరింది.

కొత్త బట్టను కాలమే ఒప్పిస్తుందని అనుకునేదాన్ని. కాలం ఊరికే ఏదీ ఒప్పించదు. బయటి పనికి ఆ బట్ట అవసరం కావాలి, నేర్పేవాళ్లుండాలి, మొదట కట్టినవాళ్లకు అండ ఉండాలి. జ్ఞానదానందినికి భర్త తోడున్నాడు. బారాసత్ అమ్మాయికి తోడుండాల్సింది నేను.

ఇప్పుడు నగరంలో టీచర్లు చుడీదార్‌లో రావడం మామూలే. అందరూ ఒప్పుకున్నాక నేను ఒప్పుకుంటే ఎవరికి మేలు? మొదటి మనిషి వచ్చినప్పుడే పెద్దవాళ్లం అడగాలి: ఈ బట్టతో ఈమెకు ఏ కష్టం తప్పుతోంది, పిల్లల చదువుకు ఏమైనా నష్టముందా? లేదని తేలితే, ఆమె అడగకముందే మీటింగులో ఆ మాట చెప్పాలి.