రూమ్ ఫిల్ అయిపోయింది

ఎత్తిపోతల దగ్గర సిగ్నల్ ఎప్పుడూ అంతంతమాత్రమే. పైన వ్యూ పాయింట్ దగ్గర రెండు గీతలు కనిపిస్తాయి, దత్తాత్రేయ గుడి వైపు దిగితే అవీ పోతాయి. మొన్న మే నెలలో పిల్లలకి మొసళ్ళు చూపిస్తానని తీసుకెళ్ళి, నేను మాత్రం ఆ రెండు గీతల కోసం రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాను. అమెరికాలో చదువుతున్న మా పిన్ని కొడుకు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మా రూమ్మేట్స్ ఇద్దరు ఇంటర్న్‌షిప్‌కి పోతున్నారు. ఆగస్టు దాకా రెండు రూములు సబ్‌లీజ్‌కి ఇవ్వాలి. మనవాళ్ళెవరన్నా ఉంటే చెప్పు."

మనవాళ్ళు. ఆ మాట దగ్గర ఆగిపోయాను.

తెలియనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. అమెరికా యూనివర్సిటీ ఊళ్ళలో లీజు పన్నెండు నెలలకి, క్లాసులు తొమ్మిది నెలలే. మే రెండో మూడో వారానికి ఊరు సగం ఖాళీ అవుతుంది. ఇంటర్న్‌షిప్‌కని కాలిఫోర్నియా వెళ్ళినవాడు అక్కడా అద్దె కట్టాలి, ఇక్కడా కట్టాలి. అందుకని తన గదిని సగం అద్దెకైనా సరే ఎవరికో ఒకరికి అంటగట్టాలని చూస్తాడు. అటు నుంచి ఇంకో రాష్ట్రం కుర్రాడొకడు ఇదే ఊళ్ళో ఏదో ల్యాబ్‌లో సమ్మర్ పని దొరికి, మూడు నెలలకి తల దాచుకునే చోటు వెతుక్కుంటూ ఉంటాడు. ఒకరి అవసరం ఇంకొకరికి అతికినట్టు సరిపోతుంది. మధ్యలో ఒక ఫేస్‌బుక్ గ్రూపు, ఒక ఫోన్ కాల్.

నేను ఎమ్మెస్ చేసింది విస్కాన్సిన్‌లో, మాడిసన్‌లో. రెండు సరస్సుల మధ్య సన్నటి నేల మీద ఉంటుంది ఊరు. వెల్చేరు నారాయణరావుగారు దశాబ్దాల పాటు పాఠాలు చెప్పిన యూనివర్సిటీ అదేనని నాకు అక్కడికి వెళ్ళిన ఏడాదికి గానీ తెలీదు. తెలియడానికి నేనేమన్నా సాహిత్యం చదివానా? ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బాపతు.

2013 వేసవి. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం. ఇద్దరికి ఇంటర్న్‌షిప్‌లు వచ్చాయి, నాకు రాలేదు. ప్రొఫెసర్ దగ్గర గంటల లెక్కన పని చేస్తూ ఊళ్ళోనే ఉండిపోయాను కాబట్టి గదులు నింపే బాధ్యత నా మీద పడింది. యాడ్ నేనే రాశాను. బస్‌స్టాప్ ఎంత దూరం, వాషింగ్ మెషీన్ ఎక్కడ, అద్దె ఎంత, అన్నీ రాసి చివర్లో, "తెలుగువాళ్ళకి ప్రాధాన్యం, వెజ్ అయితే మంచిది." ఆదివారం కోడికూర లేకపోతే ఇల్లు పీకి పందిరేసేవాళ్ళం మేము. మరి వెజ్ అని ఎందుకు రాశానో మీకు అర్థమయ్యే ఉంటుంది. రాసేటప్పుడు నాకు అర్థం కాలేదంటే అబద్ధం.

పది రోజులకి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు.

"అన్నా, మీది గుంటూరు వైపా? మాట అట్టనే ఉంది."

"మాచర్ల."

"అబ్బ! మాది నరసరావుపేట పక్కనే."

ఇంక అద్దె సంగతి పక్కకి పోయింది. కోటప్పకొండ తిరునాళ్ళ ప్రభలు, మాచర్ల ప్యాసింజరు, పల్నాడు ఎండలు. అప్పటికి ఇంటికి వెళ్ళి ఏడాదిన్నర అయింది నాకు. ఆ యాస వింటుంటే కడుపు నిండినట్టుంది. అద్దెకి బేరం ఆడలేదు అతను. డిపాజిట్ రాత్రికే పంపుతానన్నాడు.

ఎదురుగా కూర్చున్న రూమ్మేట్, చప్పుడు రాకుండా పెదాలు కదిపి అడిగాడు: సర్‌నేమ్?

అడిగాను. సబ్‌లీజ్ కాగితంలో రాయాలని వంక. చెప్పాడు. రూమ్మేట్‌కి తేలలేదు, కనుబొమలు ఎగరేశాడు. నాన్నగారు ఏం చేస్తారని అడిగాను. ఊళ్ళో మీ ఇల్లు ఎటువైపని అడిగాను. మూడో ప్రశ్నకల్లా అతనికి అర్థమైపోయింది. గొంతు మారలేదు. మాట వేగం తగ్గింది, అంతే. అన్నిటికీ మర్యాదగా జవాబు చెప్పాడు. రూమ్మేట్ తల అడ్డంగా ఊపాడు.

"రేపు కన్ఫర్మ్ చేస్తా తమ్ముడూ" అన్నాను.

మర్నాడు మెసేజ్ పెట్టాను. రూమ్ ఫిల్ అయిపోయింది, సారీ.

ఫిల్ అవ్వలేదు. జూన్ మూడో వారం దాకా ఖాళీగానే ఉంది. ఆఖరికి ఒక చైనా అబ్బాయి తీసుకున్నాడు. అతని ఇంటిపేరు మాకు పలకడం కూడా రాలేదు, పలకాల్సిన అవసరమూ రాలేదు. సొంత భాషవాడు ఇల్లు అడిగితేనే ఇంటిపేరు కావాల్సొచ్చింది.

ఇది చేసింది మాచర్లవాడు. చిన్నప్పుడు స్కూల్లో బ్రహ్మనాయుడి ఏకపాత్రాభినయం వేసి స్టీలు గ్లాసు గెలుచుకున్నవాడు. అన్ని కులాల వాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడనీ, మాల కన్నమదాసుని కొడుకులా చూసి సేనానిని చేశాడనీ మా వైపు ప్రతి పిల్లాడూ చెప్తాడు. బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడిన చెన్నకేశవస్వామి గుడి పక్కనే పారే చంద్రవంకే ఇక్కడికొచ్చి, సుమారు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి ఎత్తిపోతలై దూకుతుంది. ఆ నీళ్ళు తాగి పెరిగానని నేను అక్కడ ఎంతమందికి గొప్పగా చెప్పానో.

ఎత్తిపోతల నుంచి సాగర్ వైపు వెళ్ళి, విజయపురి సౌత్ దాటితే అనుపు వస్తుంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ ఇప్పుడు సాగర్ నీళ్ళ కింద ఉంది. 1926లో ఎ.ఆర్. సరస్వతి అక్కడి శిథిలాల్ని బయటి ప్రపంచానికి తెలియజేశారు. డ్యామ్ కడుతున్నారని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో హడావుడిగా తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాల్ని కొండ మీదా, కొన్నిటిని అనుపులోనూ మళ్ళీ పేర్చారు. అనుపులో ఉన్నదాన్ని మా వైపు వాళ్ళు యూనివర్సిటీ అనే పిలుస్తారు. ఇటుక గోడలు మోకాళ్ళెత్తు, వరసగా చిన్న చిన్న గదులు. ఒకదాంట్లో అడుగులతో కొలిచాను. అటు మూడు, ఇటు మూడు. మాడిసన్‌లో మా గది దీనికంటే పెద్దది కాదు.

బౌద్ధ భిక్షువులది ఏడాదిలో ఎక్కువ భాగం తిరుగుడు. వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఉండాలి, దాన్నే వర్షావాసం అంటారు. అంటే వాళ్ళదీ మూడు నెలల గది వెతుకులాటే. మనవాళ్ళకి ఎండాకాలం, వాళ్ళకి వానాకాలం. ఎవరికి ఏ గది అని పంచడానికి ఒక మనిషిని పెట్టుకునేవాళ్ళు. వినయపిటకంలో దబ్బ మల్లపుత్రుడని ఒకాయన వస్తాడు, ఆయన ఉద్యోగం ఇదే. సూత్రాలు వల్లించేవాళ్ళని ఒకచోట, వినయం చర్చించేవాళ్ళని ఒకచోట, ధ్యానం చేసుకునేవాళ్ళని ఇంకోచోట పెట్టేవాడట. ఉత్త కబుర్లు చెప్పుకుంటూ కండలు పెంచేవాళ్ళకి కూడా వేరే చోటు చూశాడు! వాళ్ళైనా సుఖంగా ఉంటారని. రాత్రిపూట వచ్చినవాళ్ళకి తన వేలినే దీపంగా వెలిగించి దారి చూపేవాడని కథ. నాసి గదీ నాసి తిండీ వచ్చాయని అలిగిన ఇద్దరు ఆయన మీద తప్పుడు నింద కూడా వేయించారు. హౌసింగ్ చూసేవాడి బతుకు అప్పుడూ అంతే.

ఆయన కూడా ఒక రకంవాళ్ళని ఒకచోటే పెట్టాడు కదా అని నాకు నేను సర్దిచెప్పుకోబోయాను. కుదర్లేదు. ఆయన అడిగింది నువ్వేం చదువుతావని. నేను అడిగింది మీ ఇల్లు ఊళ్ళో ఎటువైపని.

అలాగని విజయపురిలో అందరూ కలిసిపోయి ఉన్నారని కూడా అనలేం. కొడబలిసిరి అనే ఇక్ష్వాకుల ఆడపడుచు కట్టించిన విహారం శాసనం ఉంది. నాలుగు దిక్కుల సంఘం కోసం అంటుంది. అదే వాక్యంలో, మహీశాసక శాఖ ఆచార్యుల స్వాధీనంలో అని కూడా అంటుంది. అందరికీ ప్రవేశం ఉంది, ప్రాధాన్యం మాత్రం మావాళ్ళకి. పండితులు దీన్ని వేరే రకంగా చదువుతారేమో. నాకు మాత్రం నా యాడ్ గుర్తొచ్చింది.

ఆ కుర్రాణ్ణి ఒకసారి చూశాను. జులైలో, మెండోటా సరస్సు ఒడ్డున, యూనియన్ టెర్రస్ మీద. ఆ రంగురంగుల కుర్చీల మధ్య వెనక నుంచి, "మాచర్ల అన్న కదా మీరు?" అని వినిపించింది. గొంతు బట్టి పోల్చుకున్నాడు. రెండు వారాలు ల్యాబ్‌మేట్ సోఫా మీద పడుకున్నాననీ, తర్వాత ఇద్దరు బెంగాలీ కుర్రాళ్ళతో గది దొరికిందనీ చెప్పాడు. "చేపలు బాగా వండుతారన్నా" అన్నాడు. కాసేపాగి, మామూలుగానే, "ఇంతకీ ఆ రూమ్ ఎవరికిచ్చారు?" అన్నాడు.

"మా ఫ్రెండ్ వాళ్ళ కజిన్‌కి."

తలూపాడు. నమ్మలేదని నాకు తెలుసు, నాకు తెలుసని అతనికీ తెలుసు. "ఏం తాగుతారన్నా?" అని లేచి వెళ్ళి, డబ్బులు తనే కట్టి తెచ్చాడు.

మాడిసన్‌లో చాలా లీజులు ఆగస్టు 14న అయిపోతాయి, కొత్తవి 15న మొదలవుతాయి. సరిగ్గా మన స్వాతంత్ర్య దినం నాడు. మధ్యలో ఒక రాత్రి సగం ఊరికి ఇల్లుండదు. పేవ్‌మెంట్ల నిండా సోఫాలు, పరుపులు, దీపస్తంభాలు. కావాల్సినవాళ్ళు ఏరుకుపోతారు, దాన్ని వాళ్ళు హిప్పీ క్రిస్మస్ అంటారు. రూమ్మేట్ తనకి తెలిసిన మనవాళ్ళింటికి వెళ్ళాడు. వాళ్ళింట్లో ఇంకొకరికి చోటు లేదన్నారు. నేను సూట్‌కేసులు ల్యాబ్‌లో పెట్టుకుని రెండు కుర్చీలు కలిపి పడుకున్నాను. ఫోన్లో అతని నంబర్ ఉంది. చేస్తే వెంటనే రమ్మనేవాడు. రమ్మంటాడనే చెయ్యలేదు.

వ్యూ పాయింట్ దగ్గర నిలబడి పిన్ని కొడుక్కి టైప్ చేశాను. "మనవాళ్ళంటే?"

"తెలుసుగా అన్నా."

"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదా?"

"ఒకడడిగాడు. కర్నూలంట. మంచోడిలాగే ఉన్నాడు. రేపు చెప్తానన్నా."

కాల్ చేశాను. వాడికి అప్పుడు అర్ధరాత్రి, అయినా ఎత్తాడు. అప్పటికే పిల్లలు చెయ్యి పట్టుకుని గుడి వైపు లాక్కెళ్తున్నారు. "రేపటిదాకా ఎందుకురా, ఇప్పుడే మెసేజ్ పెట్టు, గది ఖాళీగా ఉందని చెప్పు" అన్నాను.

"ఏంటన్నా? నీళ్ళ సౌండు, వినపడట్లా" అన్నాడు.

ఇంకోసారి చెప్పేలోపు కట్ అయింది. కింద మొసలి కదిలిందని పిల్లలు అరుస్తున్నారు. వాళ్ళని అక్కడే ఉండమని మళ్ళీ పైకెక్కాను.